తలిదండ్రుల తీరిక

"తనకు మాలిన ధర్మము, మొదలు చెడ్డ బేరము" అను సామెత తెలియని ఇల్లు తెలుగునాట ఉండదు. అప్పులిచ్చి చెడినవారిని గూర్చి, అంగడి మూసికొన్నవారిని గూర్చి దీనిని తరచుగ చెప్పుకొందుము. బిడ్డలను పెంచుచున్న తలిదండ్రులకు ఇది ఎంతగా వర్తించునో ఆలోచించుట మాత్రము అరుదు. సంసారమునకు తల్లియు తండ్రియు మొదలు. ఆ మొదలు నానాటికి తరిగిపోవుచుండగా బిడ్డలకై ఎంత వెచ్చించినను ఆ బేరము నిలువదు. కావున బిడ్డలను పెంచువారు తమకొరకు కొంత వేళను ఏల మిగుల్చుకొనవలెనో, ఎట్లు మిగుల్చుకొనవచ్చునో ఈ పూట ముచ్చటించుకొందము.

తల్లి తనకై ఒక గంట కోరినచో అది స్వార్థమని మనలో అనేకులము లోలోపల తలంతుము. అందరును తిన్న పిమ్మట గిన్నె అడుగున మిగిలినదానితో కడుపు నింపుకొనుట, జ్వరము వచ్చినను పొయ్యి విడువకుండుట, అందరికంటె ముందు లేచి అందరికంటె వెనుక పండుకొనుట - వీనిని మనము త్యాగమని కొనియాడుదుము. కొనియాడుటకు ఖర్చు లేదు. దాని మూల్యమును తల్లి శరీరము చెల్లించుచున్నది.

2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశములో అది నూటికి దాదాపు 59, తెలంగాణములో దాదాపు 58. ఆ వయస్సు పురుషులలో దేశము మొత్తముమీద నూటికి 25 మాత్రమే. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. ఆహారలోపము, ఋతుస్రావము, వెంటవెంటనే వచ్చు కాన్పులు వానిలో కొన్ని. కాని రెండు మెట్లెక్కగానే ఆయాసపడు ఇల్లాలు "ఏదో నీరసములే" అని ఏండ్ల తరబడి చిన్న రక్తపరీక్షయైన చేయించుకొననిచో, దానికి కారణమేమని అడిగి చూడుడు. "తీరిక ఏదీ?" అనునదే ప్రత్యుత్తరము.

ఆ తీరిక ఎక్కడకు పోవుచున్నది? మనదేశ ప్రజలు దినమునందలి ఇరువదినాలుగు గంటలను ఎట్లు గడుపుచున్నారో తెలిసికొనుటకు కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లో ఒకమారు, 2024లో మరియొకమారు సర్వే జరిపిరి. 2024 లెక్కలప్రకారము ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, అనగా ఇంచుమించు ఐదు గంటలు, జీతములేని ఆ పనికి వినియోగించుచున్నారు. పురుషులలో ఇంటిపనికి చేయి కలిపినవారే నూటికి దాదాపు 27 మంది. వారును వెచ్చించినది 88 నిమిషములు. 2019లో ఈ అంకెలు వరుసగా 299, 97. అనగా ఐదేండ్లలో స్త్రీల పాలు పది నిమిషములు తగ్గగా, పురుషుల పాలును తొమ్మిది నిమిషములు తగ్గినది! గ్రైండరులు, గ్యాసుపొయ్యిలు, కుళాయిలు వచ్చి పని రూపు మార్చినవేమో గాని, దానిని పంచుకొను పద్ధతిని మార్చలేదు.

కావున తల్లికి తీరిక ముందుగా రావలసినది తండ్రి చేతినుండి. "సాయము చేయుదునా?" అని భర్త అడుగుట మర్యాదయే. కాని సాయమనగా పని ఆమెదే అని ఒప్పుకొన్నట్లు. అంతకంటె ఒక పనిని పూర్తిగా తనదిగా చేసికొనుట మేలు. సాయంకాలము పిల్లలకు స్నానము చేయించి అన్నము పెట్టుట తండ్రి వంతైనచో, బియ్యము ఎప్పుడు కడుగవలెనో, తువ్వాలు ఎక్కడ ఉన్నదో ఆమెను అడుగనవసరము ఉండరాదు. చేతిపనికంటె మనస్సులో మోయు లెక్కలే మనిషిని ఎక్కువగ అలయించును.

తండ్రులను మరచితిమని ఎవరును తలంపవలదు. ఇంటి వాయిదాలకై రెండవ పూటకూడ పనిచేయుచు, తలనొప్పికి బిళ్ళ మింగి కాలము నెట్టుచున్న తండ్రులెందరో ఉన్నారు. రక్తపుపోటు, మధుమేహము చాలకాలము ఏ బాధయు లేకుండగనే లోపల పెరుగుచుండును. ముప్పది ఏండ్లు నిండిన స్త్రీపురుషులకు ఈ పరీక్షలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చేయుదురు. ఏడాదికి ఒక ఉదయము దానికై విడిచినచో సంసారము మునిగిపోదు.

తీరిక సంపాదించు రెండవ మార్గము కొన్ని పనులను మానుకొనుట. ఇంగ్లండులో డోనాల్డ్ వినికాట్ అను శిశువైద్యుడు రెండవ ప్రపంచ యుద్ధకాలమునుండి బి.బి.సి. రేడియోలో తల్లులకొరకు ప్రసంగించుచుండెడివాడు. బిడ్డకు ఏ లోపమును లేని తల్లి అక్కరలేదనియు, చాలినంత మంచి తల్లి యున్న చాలుననియు ఆయన భావన. 1953లో ప్రచురితమైన వ్యాసములో ఆయన దీనిని వివరించెను. పసికందుగ నున్నప్పుడు తల్లి బిడ్డ అవసరమునకు తగినట్లు వెంటవెంటనే మెలగును. బిడ్డ ఓర్వగల శక్తి పెరిగినకొలది ఆమె కొద్దికొద్దిగా ఎడమిచ్చును. ఆ ఎడమువలననే బిడ్డ లోకమును తెలిసికొనును. ఈ మాట మన ఇండ్లకును చెల్లును. పిల్లవాని ప్రతి పిలుపునకు పరుగెత్తనక్కరలేదు. మూడు కూరలకు బదులు ఒక పప్పు, ఒక పచ్చడి చేసిన పూట ఎవరును పస్తుండరు. ఎనిమిదేండ్ల పిల్ల తన పళ్ళెము తాను కడుగుకొనుట నేరమును కాదు, భారమును కాదు.

మిగిలిన వేళను ఏమి చేసికొనవలెను? మొట్టమొదట నిద్రింపవలెను. పెద్దలకు రాత్రి ఏడు గంటలకు తక్కువగాని నిద్ర అవసరము. పిల్లలు పండుకొన్న పిమ్మట సెల్‌ఫోను చూచుచు గడుపు గంట విశ్రాంతివలె తోచును గాని, అది నిద్రనుండి చేసిన అప్పు. తెల్లవారగానే పిల్లలపై కసురుకొనుట దానికి వడ్డీ. పిదప నడక. వారమునకు 150 నిమిషములైన చురుకుగ నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఒక్కసారిగ కుదరనిచో పది పది నిమిషములుగ నడిచినను ఫలము కలదు. ఇక భోజనము. తోటకూర, రాగులు, నువ్వులు తినునప్పుడు నిమ్మకాయయో ఉసిరికాయయో తోడైనచో వానియందలి ఇనుము ఒంటికి బాగుగ పట్టును. తినగానే టీ త్రాగినచో ఆ మేలు తగ్గును.

కూలికి పోవు తల్లులకును, ఒంటరిగ బిడ్డలను సాకువారికిని ఈ హితవులు ఎగతాళిగ తోపవచ్చును. వారి తీరికకు ఇల్లు ఒక్కటి చాలదు, ఊరును ప్రభుత్వమును తోడు కావలెను. 1975లో మొదలైన అంగన్‌వాడీలు అందుకు ఒక ఆసరా. ఏబదిమంది, అంతకు మించి పనిచేయు సంస్థలలో శిశుసంరక్షణ గది ఉండవలెనని 2017లో ప్రసూతి చట్టమును సవరించి విధించిరి. తల్లి దినమునకు నాలుగుమార్లు అక్కడకు పోయి బిడ్డను చూచి రావచ్చును. ఇది యజమాని దయ కాదు, ఆమె హక్కు.

ఒక్క హెచ్చరిక. కాన్పైన పిమ్మట రెండు వారములు దాటినను ఏడుపు, నిరాశ, బిడ్డపై విముఖత తగ్గనిచో దానిని అలసట అని గాని, గర్వమని గాని అనరాదు. అది చికిత్సకు లొంగు వ్యాధి, వైద్యునికి చూపవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఉచితముగ తెలుగులోనే మాటలాడవచ్చును.

కడపట ఒక్క మాట. తల్లి చివర తినుట చూచి పెరిగిన కూతురు రేపు తన ఇంట తానును చివరనే తినును. అది చూచి పెరిగిన కొడుకు అదియే న్యాయమనుకొనును. మనము చెప్పు నీతులకంటె మనము బ్రతుకు తీరే పిల్లలకు పాఠము. కావున ఈ వారమే తల్లికొక అరగంట, తండ్రికొక అరగంట గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు. ఆ వేళ పిల్లలను ఎవరు చూచుకొందురో ఈ రాత్రి భోజనములవద్దనే అందరును కలిసి నిర్ణయించుకొనుడు. ఆ భోజనమునకు మాత్రము అందరును ఒక్కసారిగనే కూర్చుండుడు.