బాటప్రక్క చెట్టు – ప్రకటన బోర్డు

(గ్రంథాలయ పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సాయంకాలము మేము గొప్ప సిద్ధాంతములను గూర్చి ముచ్చటింప రాలేదు. రహదారి ప్రక్కనున్న వేపచెట్టును గూర్చియు, దాని వెనుక నిలిచిన ప్రకటన బోర్డును గూర్చియు నాలుగు మాటలు విన్నవింప వచ్చితిమి. విషయము చిన్నదని కొందరు తలంపవచ్చును. కాని ప్రజల సొత్తును నరకు అధికార మెవరికి కలదను ప్రశ్న యెన్నటికిని చిన్నది కాదు.

మొన్నటి వేసవిలో మన పట్టణపు పొలిమేర దాటి రహదారి వెంట పోవుచుండగా, ఏడు వేపచెట్లు తలలు తెగి మొండెములవలె నిలిచియుండుట కంటిమి. వాని వెనుక నొక నగల దుకాణపు బోర్డు ధగధగ మెరయుచుండెను. ఆ చెట్లనీడను పుచ్చకాయ లమ్ముకొను ముసలమ్మ నాలుగు కఱ్ఱలపై గోనెపట్టా కట్టుకొని దానిక్రింద కూర్చుండెను. ఎవరు నరికిరని యడిగితిమి. “రాత్రి కొట్టేశారు బాబూ. తెల్లారేసరికి కొమ్మలు కూడా లేవు” అనెను. అనుమతి పత్రపు నకలు కోరుచు మేము సంబంధించిన కార్యాలయమునకు వ్రాసితిమి. అట్టి పత్రమేదియు తమ దస్త్రములలో లేదని జవాబు వచ్చినది. నరికినవాడు లేడు, నరకుమన్నవాడు లేడు, నీడ మాత్రము లేదు.

బోర్డువారి పక్షమునను న్యాయము పలుకవలెను. వారు స్థలమునకు అద్దె కట్టుచున్నారు, లైసెన్సునకు రుసుము చెల్లించుచున్నారు. కనబడని బోర్డునకు విలువ లేదనుట నిజమే. మలుపులయొద్ద ఎదుటి బండిని మరుగుపరచు కొమ్మను, మార్గసూచికను కప్పివేయు తీగను తొలగింపవలసినదే. అది బాటసారుల ప్రాణరక్షణకు సంబంధించిన పని. కాని ప్రాణముకొఱకు కొమ్మ కత్తిరించుట వేరు, నగల ప్రకటనకొఱకు చెట్టు తల నరకుట వేరు. ఈ రెంటిని ఒక్క గాటకట్టుటయందే మోసమున్నది.

బాటచెట్టు ఎవరిది? అశోకచక్రవర్తి తన యేడవ స్తంభశాసనమున, పశువులకును మనుష్యులకును నీడ నిచ్చుటకై బాటలవెంట మర్రిచెట్లు నాటించితినని చెప్పుకొనెను. మన సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో, ప్రకృతి సంపదలకు ప్రభుత్వము ధర్మకర్తయే కాని యజమాని కాదని తీర్పు చెప్పెను. 1997 నవంబరులో అదే న్యాయస్థానము, ఢిల్లీ రోడ్లప్రక్కన రాకపోకలకు ప్రమాదకరములైన హోర్డింగులను తీసివేయుడని ఆజ్ఞాపించెను. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పుట్టిన నీరు, భూమి, చెట్ల చట్టము – జనులు వాల్టా యనునది – అనుమతి లేనిదే చెట్టు కూల్చరాదన్నది. రాష్ట్రవిభజన పిమ్మటను ఆ చట్టము ఉభయ తెలుగు రాష్ట్రములందును నిలిచియున్నది. చట్టము లేకపోలేదు. బోర్డునకు లైసెన్సు నిచ్చు చేయి యొకటి, చెట్టును కాపాడవలసిన చేయి మఱియొకటి. ఒక చేయి చేయునది వేఱొక చేయి యెఱుగదు. ఆ సందున గొడ్డలి దూరుచున్నది.

అనుమతి పత్ర మున్నంత మాత్రమున చెట్టు బ్రతుకునా? అమెరికా అనుభవమును చూడుడు. అచ్చట 1965 అక్టోబరు 22వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రహదారుల సౌందర్య శాసనముపై సంతకము చేసెను. పెద్ద రహదారులవెంట బోర్డుల నదుపుచేసి, ప్రకృతిశోభను నిలుపుట దాని సంకల్పము. వెర్మాంటు రాష్ట్రము 1968లో అట్టి బోర్డులనే నిషేధించెను. ఫ్లోరిడా రాష్ట్రము మఱియొక త్రోవ త్రొక్కెను. బోర్డు కనబడుటకై ప్రభుత్వస్థలమున చెట్టు కొట్టవలెనన్న వ్రాతపూర్వకమైన అనుమతి యుండవలెనని అచ్చటి చట్టము చెప్పును. అంతవఱకు మెచ్చదగినదే. కాని ఆ చట్టమే బోర్డునకు ‘దృష్టిమండల’ మొకటి యేర్పఱచినది: వేగపరిమితి గంటకు 35 మైళ్లు దాటిన రోడ్డుపై 500 అడుగులు. బోర్డు ముందుగా అనుమతి పొందియున్నచో, ఆ మేర తరువాత వచ్చు సౌందర్య పథకముక్రింద ప్రభుత్వమే యైనను చెట్టు నాటరాదు. పది మీటర్ల కొక్కటి చొప్పున పదునైదు చెట్లు పట్టు చోటది! దొంగతనముగా నరికిన నష్టము పూడ్చవలెననుచునే, జరిమానా మాత్రము బోర్డు ముఖ మొక్కంటికి వేయి డాలర్లవఱకు విధించినది. చెట్లు ఒకటైనను ఇరువదియైనను లెక్క బోర్డునకే.

మన సుప్రీంకోర్టు లెక్క వేఱు. తాజ్‌మహలు చుట్టునున్న పరిరక్షణ మండలములో అనుమతి లేక 454 చెట్లు నరికినందుకు, 2025 మార్చిలో చెట్టొక్కంటికి లక్ష రూపాయలు చెల్లింపవలెనన్నది. అంతటి పచ్చదనము మరల సిద్ధించుటకు కనీసము నూరేండ్లు పట్టునని చెప్పినది. లెక్క యనగా ఇది. కొలత చెట్టునుబట్టి యుండవలెను గాని బోర్డునుబట్టి కాదు.

కావున మేము కోరునవి నాలుగే. బోర్డుకన్న ముందే యున్న చెట్టు జోలికి పోరాదు. చెట్టును కన్నులార చూచియే బోర్డు నిలిపినవాడు తరువాత చెట్టు అడ్డమనుట చెల్లదు. తరువాత పెరిగిన చెట్టు చిఱుకొమ్మలను, అధికారి యెదుట, పట్టపగలు మాత్రమే కత్తిరింపవలెను. తల నరకుటకు అనుమతి యుండరాదు. ప్రతి దరఖాస్తును ముప్పది దినములు ఆ చెట్టుకే అంటించి, ప్రజల ఆక్షేపణలను వినవలెను. నాల్గవది ముఖ్యము. అనుమతి లేక చెట్టు నరికినపుడు ఎవరి బోర్డు బయటపడినదో వారే మొదట సమాధానము చెప్పవలెను. నిరపరాధులైనచో నిరూపించుకొన అవకాశమీయుడు. కానిచో లైసెన్సు రద్దుచేసి, ఆ చోట మఱియే బోర్డును నిలుపనీయకుడు. నరుకుటవలన లాభము లేనినాడు గొడ్డలి దానంతట అదే ఇంట కూర్చుండును.

ఇది కఠినమని యొక మిత్రుడు మాతో వాదించెను. నగరపాలకులకు బోర్డులవలన రాబడి కలదు, దానిని పోగొట్టుకొందుమా యనెను. బోర్డులు వలదని మేము చెప్పలేదు. చెట్లులేని చోటు వెదకికొని నిలుపుకొనవచ్చును. బోర్డునకు కాళ్లు కలవు. చెట్టుకు వేళ్లు మాత్రమే కలవు.

మహాజనులారా! రాజ్యాంగపు 51ఎ అధికరణము ప్రకృతి పర్యావరణమును కాపాడుటను ప్రతి పౌరుని విధిగా చేసినది. వచ్చు ఆదివారము ఉదయమున, ఎండ ముదురకముందే, పట్టణము వెలుపలి మైలు పొడవున నున్న చెట్లను లెక్కించుటకు మేము బయలుదేరుచున్నాము. ప్రతి చెట్టుకు అంకె వేసి, దాని చుట్టుకొలతతోడను, వెనుక నున్న బోర్డు పేరుతోడను పట్టిక వ్రాసి, ఒక ప్రతిని అధికారులకును ఒక ప్రతిని ఈ గ్రంథాలయమునకును ఒప్పగింతుము. ఇకమీదట ఏ రాత్రియైనను ఏ చెట్టైనను తల కోల్పోయినచో, దస్త్రములలో లేదను జవాబునకు తావుండదు. ఓపికగలవారు రండు. ముసలమ్మ గోనెపట్టా యొద్దనే కలిసికొందము.