నొప్పి లేని గుండెపోటు
(ఉద్యోగుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి డ్యూటీలో ఉన్న ఒక సార్టరును ఊహించుకొనండి. వయస్సు యాభై దాటినది. పన్నెండేళ్ళుగా మధుమేహం. హఠాత్తుగా చెమటలు పట్టినవి, ఆయాసం, వికారం. ఛాతీలో మాత్రం నొప్పి లేదు. గ్యాస్ అనుకొని సోడా తాగి, సంచులు కట్టడం ముగించి, తెల్లవారిన పిదప ఆసుపత్రికి వెళ్ళినాడు. అప్పటికి గుండెపోటు వచ్చి గంటలు గడిచిపోయినవి. ఇది ఊహే అయినా, మనలో ఎవరికైనా సంభవించగల విషయమే.

మధుమేహం గుండెను రెండు విధాల దెబ్బతీస్తుంది. మొదటిది, గుండెకు రక్తం చేర్చే ధమనుల లోపలి పొర పాడై కొవ్వు పేరుకొంటుంది. ఆ కొవ్వు పొర పగిలినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకొనిపోతుంది. రెండవది, నొప్పిని తెలియజేసే నాడులు మొద్దుబారుతాయి. తీగ తెగిన చోట తంతి చేరనట్లే, ప్రమాద వార్త మెదడుకు సరిగా చేరదు.

ఫిన్లాండులో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 1998లో వెలువడినవి. మధుమేహం ఉండి, అదివరకు గుండెపోటు రానివారిలో ఏడేళ్ళ కాలంలో నూటికి సుమారు 20 మందికి గుండెపోటు వచ్చినది. మధుమేహం లేక, ఒకసారి గుండెపోటు వచ్చినవారిలో ఆ సంఖ్య సుమారు 19. ఈ పోలిక అందరికీ ఒకే విధంగా వర్తించదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. మధుమేహులకు ప్రమాదం హెచ్చన్నది మాత్రం నిర్వివాదం. మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైబడినారని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసినది.

కనుక మధుమేహం ఉన్నవారికి అకారణంగా చెమటలు, ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం, దవడలో గాని చేతిలో గాని బరువు కలిగినచో వెంటనే పని ఆపవలెను. రక్తంలో చక్కెర పడిపోయినా చెమటలు పడతాయి. పరీక్షలో 70 కంటే తక్కువ ఉన్నచో చక్కెర ఇవ్వవలెను. అయినా తేరుకొననిచో ఆలస్యం చేయరాదు. 108కు ఫోను చేయవలెను. నడిపించరాదు, స్కూటరుపై ఎక్కించరాదు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగిలినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలవచ్చును. మొదటి ఇ.సి.జి. బాగున్నదని ఇంటికి వెళ్ళిపోరాదు. ట్రోపోనిన్ రక్తపరీక్ష, అవసరమైతే మరల ఇ.సి.జి. చేయించుకొనవలెను. గడ్డను కరిగించే మందు మొదటి గంటలలోనే ఎక్కువ మేలు చేస్తుంది.

నివారణకు చక్కెర ఒక్కటే చూచుకొంటే చాలదు. రక్తపోటు అదుపులో ఉండవలెను, వైద్యుడు వ్రాసిన కొవ్వు తగ్గించే మాత్ర మానరాదు, పొగాకు విడువవలెను. చక్కెరను తగ్గిస్తూ గుండె జబ్బు మరణాలను కూడా తగ్గించిన మందు ఉన్నదని 2015లో రుజువైనది. అది తమకు తగునా అని వైద్యుని అడగండి.

ఇక చివరి మాట. రన్నింగ్ సిబ్బందిలో కొందరు, అలవెన్సు పోవునన్న భయంతో వైద్య పరీక్షలో జబ్బు దాచుచున్నారు. ఆ భయం అర్థం చేసుకొనదగినదే. కాని దాచిన జబ్బు ఇంజనులోనే బయటపడినచో నష్టం ఒక్కరిది కాదు. అనర్హులైనవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇచ్చే నియమాలు రైల్వేలలో ఉన్నవి. వాటిని సక్రమంగా అమలు చేయించడం, వేళకు భోజనం, విశ్రాంతి లభించే డ్యూటీ పట్టికలు సాధించడం, రన్నింగ్ రూములలోను సార్టింగ్ కార్యాలయాలలోను చక్కెర పరీక్షా పరికరం, ఆస్పిరిన్ ఉంచేలా చూడడం సంఘం బాధ్యత. జబ్బు దాచకుండుట మన బాధ్యత. ఈ రెండూ కలిసి నడచిననాడే మన ఇళ్ళలో దీపాలు నిలుస్తాయి.