ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పే మాస్టర్ని. రోజంతా ఉర్దూలో పాఠం చెప్పి చెప్పి నా తెలుగు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. తప్పులు దొర్లితే మన్నించగలరు.

మొన్న సెక్రటరీగారు ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, రీడింగ్ రూముకు ఇంటర్నెట్ పెట్టించాలని తీర్మానం వచ్చింది. వైర్లెస్సులో ఏది మంచిదో సభలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే 2011లో కూడా ఇదే ప్రశ్న నన్నే అడిగారు. నేను ఒక కంపెనీ వారి వైమాక్స్ పెట్టె చూపించి, "ఇదే రేపటి రోజులది, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాను. పెట్టె, కప్పు మీది యాంటెనా, రెండేళ్ళ అడ్వాన్సు కలిపి 14,000 రూపాయలు అయింది. దర్జీలు, పండ్ల బండ్లవారు యాభై, వంద చొప్పున రసీదు పుస్తకంలో రాయించుకుని ఇచ్చిన డబ్బు అది. ఏడాదిన్నర తిరక్కుండానే కంపెనీవారు సర్వీసు మూసేశారు. పెట్టె మిగిలింది, డబ్బు పోయింది. ఆ లెక్క అప్పజెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

వైమాక్స్ చెడ్డదా అంటే, కాదు. కథ మొదటినుంచి చెబుతాను.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మొబైల్ ఫోనుకు వేగమైన ఇంటర్నెట్ ఇవ్వడానికి రెండు పద్ధతులు పోటీ పడ్డాయి. ఒకటి వైమాక్స్. మన వైఫైకి నియమాలు రాసిన ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థే దీనికీ రాసింది. దాని నంబరు 802.16. కదులుతూ వాడుకునే రకానికి 2005 డిసెంబరులో ఆమోదం దొరికింది. ఇంటెల్ వంటి కంప్యూటర్ కంపెనీలు దాని వెనుక నిలిచాయి. రెండవది ఎల్.టి.ఇ. ఇది మామూలు సెల్‌ఫోన్ల ఖాందాను, అంటే జి.ఎస్.ఎం., త్రీజీ వంశంలో పుట్టిన బిడ్డ. దీని నియమావళి 2008 చివరకు గాని సిద్ధం కాలేదు.

వైమాక్స్ చాలా ముందు బయలుదేరింది. దక్షిణ కొరియాలో వైబ్రో అనే పేరుతో 2006 జూన్‌లోనే మొదలైంది. అమెరికాలో స్ప్రింట్ కంపెనీ 2008లో బాల్టిమోర్ నగరంలో ప్రారంభించింది. ఎల్.టి.ఇ. మాత్రం 2009 డిసెంబరులో స్టాక్‌హోం, ఓస్లో నగరాలలో తొలి అడుగు వేసింది. అయినా గెలిచింది వెనక వచ్చినదే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మన పెద్దలు ఊరికే అన్నారా?

ఎందుకిలా అయింది? మొదట, ఇద్దరి విద్యా దాదాపు ఒకటే అని గ్రహించాలి. మా స్కూలు పాత హాల్లో నేను వేగంగా డిక్టేషన్ చెబితే, గోడకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని తరువాతి మాట మీద పడి పిల్లలకు ఏమీ తెలియదు. మెల్లగా చెబితే ప్రతిధ్వని ఆరిపోయాక రెండో మాట వస్తుంది. కాని అలా చెబితే పాఠం ఎప్పటికి పూర్తవుతుంది? ఉపాయం ఏమిటంటే, పాఠాన్ని ముక్కలు చేసి వందలమంది వేరువేరు గొంతులతో, ఒక్కొక్కరు మెల్లగా, అందరూ ఒకేసారి చెప్పడం. రేడియో తరంగాలు కూడా మేడలకు తగిలి ఇట్లాగే ప్రతిధ్వనిస్తాయి. ఈ ఉపాయానికి ఓ.ఎఫ్.డి.ఎం. అని పేరు. టవరు నుంచి ఫోనుకు పంపడంలో రెండు పద్ధతులవారూ దీనినే వాడారు.

తేడా తిరుగు దారిలో వచ్చింది. వందల గొంతులు కలిసినప్పుడు అప్పుడప్పుడు అన్నీ ఒక్కసారే హెచ్చుతాయి. ఆ హెచ్చును మోయడానికి పంపే యంత్రంలో అదనపు శక్తి అట్టిపెట్టాలి. టవరుకు కరెంటు ఉంది, ఫర్వాలేదు. ఫోనుకు ఉన్నది చిన్న బ్యాటరీ. అందుచేత ఎల్.టి.ఇ. వారు ఫోను నుంచి టవరుకు పోయే దారిలో ఆ హెచ్చుతగ్గులు తక్కువగా ఉండే వేరే ఏర్పాటు చేశారు. బ్యాటరీకి అది మేలు.

రెండవ తేడా దారి గురించి. మన గల్లీలో ఒక పక్కనుంచి ఆటో వస్తే రెండో పక్కవాడు ఆగాలి, వంతులవారీగా పోవాలి. పెద్ద రోడ్డులో పోయేవాటికి ఒక వైపు, వచ్చేవాటికి ఒక వైపు. వైమాక్స్ ఎక్కువగా గల్లీ పద్ధతిలో నడిచింది. ఎల్.టి.ఇ. రెండింటికీ సిద్ధమై వచ్చింది. కాబట్టి ఏ కంపెనీ దగ్గర ఎలాంటి స్పెక్ట్రమ్ ఉన్నా అది పనికొచ్చింది.

మూడవది, అన్నిటికన్నా పెద్దది, బంధుత్వం. ఎల్.టి.ఇ. సిగ్నల్ లేని చోట ఫోను పాత త్రీజీకి, టూజీకి దిగి కాలు నిలుపుకునేది. వైమాక్సుకు సొంత వంశంలో అలాంటి ఇల్లు లేదు. ప్రపంచంలో ఎక్కువ సెల్ కంపెనీలు అప్పటికే జి.ఎస్.ఎం. ఖాందానువే గనుక ఎల్.టి.ఇ. వైపు నడిచాయి. సి.డి.ఎం.ఏ. వాడే అమెరికా వెరైజన్ కూడా 2010 డిసెంబరులో ఎల్.టి.ఇ. ప్రారంభించింది. కొనేవారు ఎక్కువైతే చిప్పుల ధర దిగుతుంది, ధర దిగితే కొనేవారు ఇంకా పెరుగుతారు. బజారు హిసాబు ఇదే.

ఇక స్పెక్ట్రమ్ సంగతి. పక్క వీధి పెళ్ళిలో డోలు మోత మన గదిలోకి వస్తుంది, సన్నాయి అంతగా రాదు. తక్కువ ఫ్రీక్వెన్సీ డోలు వంటిది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ సన్నాయి వంటిది. స్ప్రింట్ వైమాక్స్ 2500 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచింది. వెరైజన్ ఎల్.టి.ఇ. 700 దగ్గర నడిచింది. గోడలు దాటడంలో వచ్చిన తేడా విద్యది కాదు, ఫ్రీక్వెన్సీది. జనం మాత్రం వైమాక్స్ అంటేనే ఇంట్లో అందదు అనుకున్నారు.

ప్రకటనల మాట కూడా చెప్పాలి. వైమాక్స్ "70 మెగాబిట్ల వేగం, 50 కిలోమీటర్ల దూరం" అని ఊరించారు. రెండూ వేరువేరుగా సాధ్యమే గాని, ఒకేసారి కాదు. టవరు దగ్గర వేగం, దూరం పోతే నెమ్మది. ఎల్.టి.ఇ. వారు 100 మెగాబిట్లు అన్నది 20 మెగాహెర్ట్జ్ వెడల్పు మీద. వైమాక్స్ సాధారణంగా 10 మీదే నడిచేది. గజాలు చూడకుండా రెండు ఇళ్ళ అద్దె పోలిస్తే ఏం తెలుస్తుంది? పైగా ఆ వేగం ఒక్కరిది కాదు, టవరు కింద అందరూ పంచుకోవలసినది.

మన దేశంలో 2010లో కేంద్ర ప్రభుత్వం 2300 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను వేలం వేసింది. సుమారు 38,500 కోట్లు వచ్చింది. ఇన్ఫోటెల్ అనే చిన్న కంపెనీ దేశమంతటా, అంటే 22 సర్కిళ్ళలోనూ గెలిచింది. వెంటనే రిలయన్స్ ఇండస్ట్రీస్ దానిలో 95 శాతం వాటా తీసుకుంది. అదే తరువాత జియో అయింది. అది గల్లీ రకం స్పెక్ట్రమ్ గనుక వైమాక్స్ వస్తుందని చాలామంది తలచారు. నేనూ తలచాను. కాని 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో దాని మీదే ఎల్.టి.ఇ. నడిపించింది. 2011లో నేను సలహా ఇచ్చేనాటికే గాలి తిరిగింది. పత్రిక చదివే మాస్టర్ని అయివుండి నేను అది చూడలేదు. తప్పు నాదే.

స్ప్రింట్ వారు 2016లో వైమాక్సును మూసివేశారు. అంతకు ముందు అమెరికాలో స్కూళ్ళకు, లైబ్రరీలకు, పేద కుటుంబాలకు దాని మీద చవకగా ఇంటర్నెట్ ఇస్తున్న రెండు సేవాసంస్థలు కోర్టుకెక్కి కొన్ని ఊళ్ళకు 90 రోజుల గడువు తెచ్చుకున్నాయి. అది చదివినప్పుడు మన రీడింగ్ రూమే గుర్తుకొచ్చింది. టెక్నాలజీ ఓడితే పెద్ద కంపెనీ ఇంకొకటి కొనుక్కుంటుంది. నష్టం మనబోటివాళ్ళ నెత్తిన పడుతుంది.

అయితే మనం రెండో తప్పు కూడా చేశాము. ఆ తరువాత ఇంటర్నెట్ మాట ఎప్పుడు ఎత్తినా, "పాత పెట్టె మరిచారా?" అని కమిటీలో నవ్వులు. నేనూ నోరు మెదపలేదు. 2020 వచ్చింది. స్కూళ్ళు మూతపడ్డాయి, పాఠాలు ఫోనులోకి వెళ్ళాయి. నా పదో తరగతి అమ్మాయి ఒకతె ఇంట్లో ఒకే ఫోను. ఆటోలు తిరగడం మొదలయ్యాక ఆ ఫోను వాళ్ళ అబ్బాతో పోయేది. రాత్రి తొమ్మిదింటికి ఆయన తిరిగొస్తే మేడ మీదకెక్కి, సిగ్నల్ పట్టుకుని, పొద్దుటి పాఠం చూసేది. మన రూములో నాలుగు బల్లలు ఖాళీ, కనెక్షన్ లేదు. తొందరపడి 14,000 పోగొట్టాము, భయపడి పిల్లల ఏడాది పోగొట్టాము. రెండోదే పెద్ద నష్టం.

ఇప్పుడు మళ్ళీ అలాంటి ఎంపికే వచ్చింది. ఫైవ్‌జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. మొదట్లో జియో పూర్తిగా కొత్త పునాది మీద కట్టింది, ఎయిర్‌టెల్ పాత ఫోర్‌జీ పునాది మీద నిలబెట్టింది. ఏది గొప్పదని మనం పోట్లాడుకోనక్కరలేదు. ఇళ్ళకు ఫైవ్‌జీ పెట్టెలు కూడా 2023 నుంచి ఇస్తున్నారు. నా మనవి ఇది: రూము దాకా ఫైబర్ తీగ వస్తే అదే తీసుకుందాం, ఇరవైమంది పిల్లలు ఒకేసారి కూర్చునే చోట తీగకు సాటి లేదు. రాకపోతే ఫైవ్‌జీ పెట్టె తీసుకుందాం. కాని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద రాయించుకుని తీసుకుందాం. పెట్టె ఎవరిది, మనదా, కంపెనీదా? ఫైవ్‌జీ అందనప్పుడు ఫోర్‌జీకి దిగుతుందా? సర్వీసు మూస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారా? సంతకానికి ముందు మన రూములోనే, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా, వారం రోజులు పరీక్షించనిస్తారా? ఇవన్నీ ఒప్పుకున్నా నెలవారీ డబ్బే కట్టాలి, రెండేళ్ళది ముందే కట్టవద్దు.

ఆ పాత వైమాక్స్ పెట్టె నేను పారేయలేదు. ఈ సంచిలో తెచ్చాను. సభ అయ్యాక పిల్లలు నా దగ్గరకు రండి. స్క్రూడ్రైవర్ కూడా ఉంది. విప్పి, లోపల ఏముందో చూపిస్తాను. పద్నాలుగు వేలు పెట్టి కొన్నాం, ఒక పాఠమైనా రాబట్టుకుందాం.