మనవాళ్లు మన వెంట వచ్చే చోటు



చెన్నూరు, కోటపల్లి, జైపూర్ మండలాల ఉపాధ్యాయులు, రచయితలు, కాలేజీ పిల్లలు కూడిన ఈ సభకు, వికేంద్రీకృత సామాజిక మాధ్యమాలను ఎట్లా వాడుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. పేరు కొంచెం బరువుగా ఉంది. విషయం మాత్రం ఫోన్ పట్టుకోవడం వచ్చిన ప్రతి ఒక్కరికీ అందేదే. సభల్లో ఫోన్లు జేబులో పెట్టుకోమంటారు. ఈ పూట మాత్రం బయటికి తీసి పెట్టుకోండి, పని ఉంది.

ముందు మనం ఏం పోగొట్టుకున్నామో చూద్దాం. ఇరవై ఏళ్ల కిందట యాహూ గ్రూపుల్లో తెలుగు సాహిత్యం మీద పెద్ద చర్చలే నడిచాయి. ఛందస్సు మీద, కథ మీద, మాండలికం మీద ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఆ కంపెనీ 2020 డిసెంబరులో గ్రూపులను మూసేసింది. ఆర్కుట్‌లో ఊరూరికీ ఒక కమ్యూనిటీ ఉండేది. 2014 సెప్టెంబరు 30న అదీ పోయింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఉంది. పొలం గట్టు మీద, బీడీలు చుట్టే అరుగు మీద నిలబడి పాడి, ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ల అభిమానులు ఒక్క రాత్రిలో కనబడకుండా పోయారు. నిషేధం తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. ఆ కళాకారుడు తన అభిమానులకు "నేను ఫలానా చోటికి పోతున్నా, అక్కడికి రండి" అని చెప్పుకునే దారి కూడా లేకపోయింది. నన్ను బాధపెట్టేది అదే. మన భాషల కోసమే అంటూ కూ అనే యాప్ కూడా వచ్చింది. తెలుగులో రాసుకోవడానికి బాగుండేది. 2024 జూలైలో అదీ మూసేశారు.

పక్క జిల్లా సంగతి కూడా చెప్పాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో ఛానల్ మీ అందరికీ తెలుసు. అందులోని గంగవ్వ మాట్లాడే మాట దేశాలు దాటింది. మన పల్లె యాసకు అంత గౌరవం ఏ పత్రికా, ఏ సినిమా తేలేదని నా నమ్మకం. అది యూట్యూబ్ వల్లే అయింది. అందుకే పెద్ద కంపెనీల వేదికలు వదిలేయమని నేను చెప్పను. కానీ అక్కడ మనకున్న చందాదారుల జాబితా మన చేతిలో ఉండదు, కంపెనీ చేతిలో ఉంటుంది. ఈ ఒక్క ముడి విప్పడానికే వికేంద్రీకృత వేదికలు పుట్టాయి.

ఇది ఎట్లా పని చేస్తుందో చెప్పడానికి మన గొలుసుకట్టు చెరువులను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ప్రతి ఊరికీ తన చెరువు, తన కట్ట, తన తూము, నీళ్లు వదిలే నీరటి. ఒక చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు నీళ్లు పోతాయి. చెరువు ఏ ఊరిదైనా నీళ్లు మాత్రం అన్నిటి మధ్యా పారుతుంటాయి. మాస్టొడాన్ అనే వేదిక ఇట్లాంటిదే. జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు 2016లో దీన్ని విడుదల చేశాడు. ఇది ఒక వెబ్‌సైట్ కాదు, వేల సర్వర్ల కలయిక. ఒక్కో సర్వర్‌ను ఒక్కో సంస్థో, సంఘమో, వ్యక్తో నడుపుతారు. దేనికదే నియమాలు పెట్టుకుంటుంది. అయినా ఒక సర్వర్‌లో ఉన్న మీరు ఇంకో సర్వర్‌లో ఉన్న నన్ను అనుసరించవచ్చు, జవాబివ్వవచ్చు. ఇవన్నీ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని అధికారికంగా సిఫారసు చేసింది. ఫోటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఇదే పద్ధతిలో నడుస్తాయి. అందుకే మాస్టొడాన్ ఖాతాతోనే ఒక పీర్‌ట్యూబ్ ఛానల్‌ను కూడా అనుసరించవచ్చు.

మన దేశంలో మాస్టొడాన్ పేరు మొదటిసారి గట్టిగా వినిపించింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. దానికి నిరసనగా వేలమంది భారతీయులు మాస్టొడాన్‌లో ఖాతాలు తెరిచారు. కొద్ది వారాలకే చాలామంది వెనక్కి పోయారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక ప్రపంచమంతా మళ్లీ అదే పరుగు. ఈసారి శాస్త్రవేత్తలు, గ్రంథాలయాల వాళ్లు, విలేకరులు గుంపులుగా వచ్చారు, వాళ్లలో కొందరు నిలబడ్డారు. తేడా ఎక్కడంటే, ఒంటరిగా వచ్చినవాడు పది రోజులు ఖాళీ తెరను చూసి పోతాడు. తన తోటివాళ్లతో కలిసి వచ్చినవాడికి మొదటి రోజు నుంచే మాట్లాడే మనిషి ఉంటాడు.

ఈ సంగతి చెప్తే మన పిల్లలు ఒకటే అడుగుతారు: "సారూ, ఆడ మనోళ్లెవరున్నరు?" న్యాయమైన ప్రశ్న. తక్కువమందే ఉన్నారు. అందుకే నా మొదటి సలహా ఫోన్ సెట్టింగుల గురించి కాదు. పదిమంది కలిసి ఒకే రోజు వెళ్లండి. ఒక బడి ఉపాధ్యాయులు, ఒక సాహితీ మిత్ర బృందం, ఒక కాలేజీ తరగతి, ఎవరైనా సరే. పదిమంది ఒకరినొకరు అనుసరించుకుంటే ఆ రోజు సాయంత్రానికే చదవడానికి మాటలుంటాయి.

ఇక సర్వర్ ఎంచుకోవడం. కొత్తవాళ్లు ఇక్కడే జంకుతారు. జంకాల్సిన పనిలేదు, ఎందుకంటే తర్వాత మారవచ్చు. అయినా మూడు సంగతులు చూడండి. సర్వర్ పరిచయ పేజీలో నియమాలు స్పష్టంగా రాసి ఉన్నాయా? నడిపేవాళ్లెవరో తెలుస్తోందా? అది మాస్టొడాన్ సర్వర్ ఒడంబడికలో ఉందా? ఆ ఒడంబడికకు ఒప్పుకున్నవాళ్లు ప్రతిరోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరానికి ఇంకో మనిషికి కూడా తాళం ఇచ్చి ఉంచాలి, మూసేసే పక్షంలో మూడు నెలల ముందు చెప్పాలి. ఈ మూడు నెలల గడువు చాలా ముఖ్యం. చాలా సర్వర్లను స్వచ్ఛందంగా, సొంత డబ్బుతో నడుపుతారు. అలసిపోయి మూసేసిన సర్వర్లు ఉన్నాయి.

ఖాతా తెరవడానికి ఈమెయిల్ చాలు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. నంబర్ బయటపడుతుందని భయపడే ఆడపిల్లలకు ఇది పెద్ద ఊరట. మీ చిరునామాలో రెండు భాగాలుంటాయి: మొదట మీ పేరు, తర్వాత సర్వర్ పేరు. ఎవరికైనా చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి. ఒక్క పేరే చెప్తే అదే పేరుతో ఇంకో సర్వర్‌లో ఉన్న మనిషి దగ్గరికి పోతారు.

తెలుగులో రాసేవాళ్లు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. ప్రాధాన్యతల్లోకి వెళ్లి మీ పోస్టుల భాష తెలుగు అని పెట్టండి. పెట్టకపోతే, మీ తెర ఇంగ్లిషులో ఉన్నప్పుడు మీరు రాసిన చక్కటి తెలుగు ఇంగ్లిషు పేరుతో పోతుంది. అక్కడ చాలామంది తమకొచ్చిన భాషల పోస్టులే కనబడేటట్టు పెట్టుకుంటారు. తెలుగు కావాలన్నవాళ్లకు మీరు కనబడరు, ఇంగ్లిషు కావాలన్నవాళ్లకు అర్థం కాని అక్షరాలుగా కనబడతారు. ఇంకో సెట్టింగు: మీ బహిరంగ పోస్టులను వెతుకులాటలో చూపవచ్చా అని అడుగుతుంది. మీరు ఒప్పుకుంటే తప్ప చూపదు. ఊరి చరిత్రో, కథలో రాసేవాళ్లయితే ఒప్పుకోండి. సొంత విషయాలు రాసుకునేవాళ్లు అట్లాగే వదిలేయండి.

అక్కడ మీ పోస్టును పదిమందికి మోసుకుపోయే యంత్రం ఏదీ లేదు. ఎవరు ఎప్పుడు రాస్తే ఆ వరుసలోనే కనబడుతుంది. ఇష్టం అని నొక్కితే రాసినవాడికి సంతోషం, అంతే. మీ వాళ్లకు చేరాలంటే, దాన్ని మళ్లీ పంచే బూస్ట్ నొక్కాలి. ఈ తేడా తెలియక మనవాళ్లు ఇష్టాలు మాత్రం నొక్కి, ఎవరూ చూడటం లేదే అనుకుంటారు.

అందుకే హ్యాష్‌ట్యాగులు అవసరం. హ్యాష్‌ట్యాగును కూడా మనిషిని అనుసరించినట్టే అనుసరించవచ్చు. కానీ మనం ముందే ఒక రాతను ఖాయం చేసుకోవాలి. ఆదిలాబాద్, ఆదిలాబాదు, అదిలాబాద్ అని తలో తీరుగా రాస్తే అవి మూడు వేర్వేరు ట్యాగులు. మాటల మధ్య ఖాళీ వదిలితే ట్యాగు తెగిపోతుంది. చెన్నూరు, చరిత్ర అనే రెండు మాటలు కలపాలంటే మధ్యలో అడుగు గీత (అండర్‌స్కోర్) పెట్టండి. పోస్టు చేశాక ట్యాగు మొత్తం రంగు మారిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఒక పోస్టు ఎట్లా రాయాలో చూపిస్తాను. మన పాత ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన పల్లె పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలను అక్కడికి తీసుకుపోయిన ఉపాధ్యాయుడు ఒక ఫోటో తీశాడనుకుందాం. పోస్టుకు 500 అక్షరాలుంటాయి, ఒక మంచి పేరాకు సరిపోతాయి. తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి: ఎముకలు ఎక్కడ దొరికాయి, అది ఆకులూ మొక్కలూ తినే జంతువు, ఎంత పాతది, పిల్లలు ఏం అడిగారు. ఫోటో కింద చిత్ర వివరణ రాసే చోటు ఉంటుంది. అక్కడ "పొడుగు మెడ, పొడుగు తోక ఉన్న పెద్ద అస్థిపంజరం, దాని పక్కన బడి బట్టల్లో పిల్లలు" అని రాయాలి. చూపు లేనివాళ్ల ఫోన్ ఆ మాటలను చదివి వినిపిస్తుంది. అక్కడ ఈ వివరణ లేని ఫోటోలను చాలామంది బూస్ట్ చేయరు, మంచి ఆనవాయితీ అది. చివర తెలుగు ట్యాగులు రెండు, రాక్షసబల్లుల మీద పనిచేసేవాళ్లు వెతికే ఇంగ్లిషు ట్యాగు ఒకటి పెట్టాలి. ఎక్కడో అర్జెంటీనాలోనో, జర్మనీలోనో శిలాజాల మీద పనిచేసే మనిషి దాన్ని చూసి జవాబివ్వడం అక్కడ కష్టమేమీ కాదు, అట్లాంటివాళ్లు కూడా అక్కడ ఉన్నారు. మన శివ్వారం మొసళ్ల గురించి, చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరిగి పారే గోదావరి గురించి కూడా ఇట్లాగే రాయవచ్చు.

జాగ్రత్తలు కొన్ని. అక్కడి ప్రైవేటు సందేశాలకు తాళం ఉండదు. సర్వర్ నడిపేవాళ్లు చదవాలనుకుంటే చదవగలరు. బ్యాంకు వివరాలు, కుటుంబ విషయాలు అందులో రాయవద్దు. ఒకసారి పెట్టిన పోస్టు మీరు తీసేసినా, ఇంకో సర్వర్‌లో దాని నకలు మిగిలిపోవచ్చు. వేధించేవాడొక్కడే అయితే ఆ మనిషిని అడ్డుకోండి, ఆ సర్వర్ అంతా అట్లాంటివాళ్లే అయితే మొత్తం సర్వర్‌నే అడ్డుకోవచ్చు. సర్వర్ ఏ దేశంలో ఉన్నా మనం రాసేది ఇక్కడి నుంచే కాబట్టి ఇక్కడి చట్టమే మనకు వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు లాభం. సర్వర్ నచ్చకపోతే కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచి, పాత ఖాతాను దానికి ముడివేసి, తరలింపు నొక్కండి. మిమ్మల్ని అనుసరించేవాళ్లు వాళ్లంతట వాళ్లే కొత్త చోటికి చేరతారు. టిక్‌టాక్ కళాకారులకు ఆ రోజు దొరకనిది ఇదే. కానీ రాతలు వెంట రావు, పాత చోటే ఉండిపోతాయి. పైగా తరలింపు జరగాలంటే పాత సర్వర్ బతికి ఉండాలి. అందుకే మీరు అనుసరించేవాళ్ల జాబితాను నెలకోసారి దించుకోండి. మీ పోస్టులన్నిటి మూటనూ వారానికోసారి అడిగి తీసుకునే వీలుంది. దాన్ని ఫోన్‌లో కాకుండా ఇంకో చోట భద్రపరచండి.

బ్లూస్కై గురించి అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. వాడటం సులువు, సొంత డొమైన్ ఉంటే దాన్నే పేరుగా పెట్టుకోవచ్చు. కానీ ఇప్పటికీ అత్యధికుల ఖాతాలు ఆ ఒక్క కంపెనీ సర్వర్ల మీదే ఉన్నాయి. నా ఓటు మాస్టొడాన్‌కే.

చెన్నూరుకే ఒక సర్వర్ పెడదామని కొందరు యువకులు ఉత్సాహపడుతున్నారు. ఇప్పుడే వద్దు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ బయటి సర్వర్ల ఫోటోలు వచ్చి నిల్వ నిండిపోతుంటుంది, నెలనెలా అద్దె కట్టాలి. అంతకన్నా కష్టం, అర్ధరాత్రి ఎవరో ఎవరినో తిట్టారని ఫిర్యాదు వస్తే తీర్పు చెప్పడానికి మనిషి కావాలి. ఏడాది పాటు యాభైమంది తెలుగులో నిలకడగా రాస్తే, బాధ్యత పంచుకునే ఇద్దరు ముగ్గురు దొరికితే, అప్పుడు పెడదాం.

వాట్సాప్ మానేయమని కూడా అనను. ఊరంతా అక్కడే ఉంది. ముందు మీ మాస్టొడాన్ ఖాతాలో రాయండి, ఆ లింకును వాట్సాప్ గుంపుల్లో పంపండి. బహిరంగ పోస్టు చదవడానికి ఖాతా అవసరం లేదు. వాట్సాప్‌లో రాసింది రెండు రోజుల్లో పైకి జరిగి పోతుంది, ఇక్కడ రాసింది ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది.

సభ అయ్యాక తొందర లేనివాళ్లు ఆగండి. అందరం ఒకే సర్వర్ ఎంచుకుని ఇక్కడే ఖాతాలు తెరుద్దాం, పోస్టుల భాష తెలుగు అని పెట్టుకుందాం, ఒకరినొకరం అనుసరించుకుందాం. ఇంటికి పోయాక ఒక్కొక్కరూ మీ ఊరి గురించి నాలుగు వాక్యాలు రాయండి. పక్కవాళ్లు రాసింది చదివి బూస్ట్ నొక్కండి.