పాపకి కొత్త ఎప్పుడు?

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



థింసా అవగానే మైకు మా చేతికిచ్చారు. డప్పు, తుడుము విన్న చెవులకు మా మాటలు చప్పగానే ఉంటాయి. ఆడపిల్లల చదువు గురించి చెప్పమన్నారు. ఏటా అదే చెబుతున్నాం కాబట్టి ఈసారి ఒక పాప తిండి గురించి చెబుతాం. చదువుకీ దానికీ ఏం సంబంధమో వింటే మీకే తెలుస్తుంది.

మేము అంటే హాస్టల్ వాళ్లం. వార్డెన్, వంటమ్మలు, ఆయా, అందరం కలిపి. మొన్న వేసవిలో, మా దగ్గర పది దాకా చదివిన అమ్మాయి ఒకామె చెల్లెలి టీసీ కోసం వచ్చింది. చంకలో పాప. పాప చేతిలో బిస్కెట్ ప్యాకెట్. పెద్ద వంటమ్మ ఎత్తుకుని చూసి, "ఏమే, పిల్ల చేతికి బరువే తెలీటం లేదు" అంది. అమ్మాయి నవ్వేసింది కానీ ముఖం చిన్నబోయింది.

హాస్టల్‌లో పిల్లల్ని తూచే మిషనుంది. తల్లీబిడ్డల్ని కలిపి ఒకసారి, తల్లిని ఒక్కదాన్నీ ఒకసారి తూచి తీసేస్తే 8 కిలోల 400 గ్రాములు వచ్చింది. పాపకు 22 నెలలు. ఆ వయసు ఆడపిల్ల మామూలుగా 11 కిలోల దగ్గర ఉంటుంది. 8 కిలోల 700 కంటే తగ్గితే కార్డు మీద పసుపులోకి, 7 కిలోల 800 కంటే తగ్గితే ఎరుపులోకి వస్తుంది. అంటే పాప పసుపులో ఉంది.

ఒక్కసారి తూకానికే కంగారు పడకూడదు. తల్లిదండ్రులు సన్నగా, పొట్టిగా ఉంటే బిడ్డ కూడా కొంచెం తక్కువ తూగొచ్చు. నెలనెలా చుక్క పైకి పోతోందా, ఆగిందా అన్నదే చూడాలి. అందుకే కార్డు అడిగాం. మర్నాడు తెచ్చింది. పదకొండో నెల తరవాత ఒక్క చుక్కా లేదు.

ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి చాలాసేపు పట్టింది. పదో నెలలో పాపకు విరోచనాలు పట్టాయి. పథ్యం పెట్టారు. పప్పు అరగదన్నారు, గుడ్డు వేడన్నారు, దుంప వాతమన్నారు, నూనె అసలే వద్దన్నారు. తెల్లన్నంలో గంజి, ఉప్పు. మధ్యలో టీలో ముంచిన బిస్కెట్. విరోచనాలు నాలుగు రోజుల్లో కట్టాయి. పథ్యం మాత్రం ఏడాది దాటినా అలాగే ఉండిపోయింది. తరవాతి నెల తూకంలో బరువు తగ్గిందని పదిమందిలో ఎవరో గట్టిగా అన్నారట. ఇక ఆ గుమ్మం తొక్కలేదు. ఈలోగా పాపకు కూడా తెల్లన్నం, బిస్కెట్ తప్ప వేరేది నోట్లో పెడితే ఉమ్మేసే అలవాటు పడింది.

"మరి చోడి అంబలి?" అని అడిగాం. "అంబలా మేడం? పిల్లకి మంచి తిండే పెడుతున్నాం" అంది.

ఈ మాట దగ్గర మేము కాస్త ఆగాలి. ఆ అమ్మాయి మూడో తరగతిలో చేరిన రోజు వాళ్లమ్మ ఆనపబుర్రలో చోడి అంబలి పోసి పంపింది. పుల్లవాసన వస్తోందని గేటు దగ్గరే పారబోయించాం. అప్పుడూ మేమే ఉన్నాం. తరవాత ఎనిమిదేళ్లు తెల్లన్నం పెట్టి, "చక్కగా తిను, ఇది మంచి తిండి" అన్నాం. చెడు తలపెట్టి కాదు, మా ట్రైనింగ్‌లో శుభ్రత గురించి అంతే నేర్పారు. 2023 మార్చి నుంచి బడుల్లో వారానికి 3 రోజులు బెల్లం వేసి రాగిజావ పోశారు. మనం చోళ్లంటే వాళ్లు రాగులన్నారు, అంతే తేడా. ఆ అమ్మాయి పది పాసై వెళ్లిపోయాక వచ్చింది ఆ జావ. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఈ లెక్క మేము ఆమెకు చెప్పలేదు. పారబోసింది మాత్రం ఆమె చూసింది.

మర్నాడే పాపను పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. దండకు పట్టీ చుడితే 12.1 సెంటీమీటర్లు, అదీ పసుపే. 11.5 కంటే తగ్గినా, రెండు పాదాలూ వాచినా, బిడ్డ ఏదీ ముట్టకపోయినా ఇంట్లో చూసుకునే పని కాదు. పోషకాహార పునరావాస కేంద్రంలో తల్లితో సహా ఉంచి చూస్తారు. ఈ పాపకు అంతదాకా రాలేదు. రక్తం తక్కువుందని సిరప్, నులిపురుగుల మందు ఇచ్చారు. తిండితో పాటు టీ ఇస్తే అందులోని ఇనుము ఒంటికి పట్టదని డాక్టరమ్మ చెప్పింది. టీ మానడానికి పాప మూడు రోజులు ఏడ్చింది, నాలుగో రోజు మరిచిపోయింది. మందులతో పని అక్కడికి సులువే. తిండి దగ్గరే కష్టమైంది.

అమ్మాయి భయం మాకు అర్థమైంది. మళ్లీ విరోచనాలు పట్టుకుంటే అత్తింట్లో మాట తనకే వస్తుంది. విరోచనాల్లో కూడా తిండి ఆపకూడదని, ఓఆర్‌ఎస్ తాగిస్తూ, జింకు మాత్రలు 14 రోజులు వేస్తూ, తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువే పెట్టాలని చెప్పాం. తలూపింది. వారం తరవాత ఊరికి వెళ్లి చూస్తే మళ్లీ గంజన్నమే.

దారి చూపింది పాప ముత్తమ్మమ్మ. చెవి సరిగ్గా వినపడని ఆ ముసలామెకు మా మాటలన్నీ మనవరాలు కేకేసి చెప్పాల్సి వచ్చింది. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే. "మామిడికి కొత్త ఉంది, కొర్రకి కొత్త ఉంది, చిక్కుడుకి కొత్త ఉంది. కొత్త చేసేదాకా ముట్టం, చేశాక అందరం తింటాం. ఈ బిడ్డ పథ్యానికి కొత్త ఏ రోజమ్మా?"

మేము చదివిన పుస్తకాల్లో ఇంత తేలిగ్గా ఎక్కడా రాయలేదు. మన ఆచారంలో ప్రతి నిషేధానికీ తీరే రోజు ఒకటుంది. పాప పథ్యానికే ఎవరూ ఆ రోజు పెట్టలేదు.

ఆ ఆదివారమే పాపకి కొత్త చేశారు. అడ్డాకు మీద కొంచెం కొంచెం అన్నీ పెట్టారు. మెత్తగా ఉడికిన కందిపప్పు, నలిపిన చిలగడదుంప, సామన్నం, ఉడికించిన గుడ్డు. ఎవరూ నోట్లో కుక్కలేదు. ముసలామె తన ఆకు పక్కనే పాప ఆకు వేసుకుని తింటూ కూర్చుంది. పాప తన ఆకు వదిలేసి ఆమె ఆకులోంచి దుంప తీసుకుంది. మొదటి రోజు ఆ రెండు ముక్కలే. గుడ్డు పిల్లికి పోయింది.

అంబలి మాట కూడా ఒకటి చెప్పాలి. మన తిండి కదా అని పొగిడి వదిలేస్తే మళ్లీ తప్పు చేసినట్టే. పోడు పనికి వెళ్లే మనిషికి పలచని అంబలి దాహం తీరుస్తుంది. బిడ్డ పొట్టలో కిలో బరువుకి 30 మిల్లీలీటర్లే పడుతుంది. ఎనిమిది కిలోల పాపకి ఒక గ్లాసుడు. అదంతా నీళ్లతో నింపితే కడుపు నిండుతుంది, ఒళ్లు పెరగదు. చెంచాతో తీసి వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా కాచాలి. పైన ఒక చెంచా వలిసె నూనె వేయాలి. మింగలేకపోతే నీళ్లు కలపొద్దు. చోళ్లు మొలక కట్టించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండి చిటికెడు వేడి జావలో కలపండి. జావ దానంతటదే పలచబడుతుంది, బలం తగ్గదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా పిల్లకే పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండలు చేసుకుని తినేస్తున్నారని మాకు తెలుసు. రుచిగా ఉంటుంది, కాదనం.

మూడు నెలలకు పాప 9 కిలోల 100 అయింది. ఇంకా పచ్చలోకి రాలేదు, అంచున ఉంది. చుక్కలు మాత్రం మూడూ పైకే వెళ్లాయి. గుడ్డు ఇప్పటికీ ఉమ్మేస్తోంది. రోజూ చూపిస్తున్నారు, బలవంతం లేదు. తూకం రోజున పక్కకు పిలిచి చెప్పమని అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే సరేనంది. ఇప్పుడు ఆ అమ్మాయే ఇంకో ఇద్దరు తల్లుల్ని వెంట తీసుకెళుతోంది.

ఇక హాస్టల్ సంగతి. ఈ ఏడాది చేరిన పిల్లల్లో నలుగురు ఇంటి నుంచి అంబలి తెచ్చుకున్నారు. గేటు దగ్గర గిన్నెలు పెట్టాం. పోసుకుని తాగి లోపలికి వచ్చారు. చిన్న వంటమ్మ కూడా ఒక గిన్నె తాగింది, పులుపు సరిగ్గా ఉందంది.

భోజనాల వేళయింది. వంటవాళ్లకు ఒక మాట చెప్పాం. చంటిపిల్లలకు తల్లి ఆకులోనే పెట్టకుండా వేరే ఆకు వేస్తారు, ఎవరు ఎంత తిన్నారో కనపడుతుంది. తల్లులు పిల్లల పక్కనే కూర్చోండి, పెద్దవాళ్ల వడ్డన తరవాత.