కుర్రవాళ్ళ నియ్యత్‌ను కొలవగలమా?



రంజాన్ కిట్లు పంచే రోజుల్లో మన చంద్రగిరి కుర్రవాళ్ళు ఉపవాసంతోనే బియ్యం మూటలు మోస్తారు. అమ్మానాన్న పంపితే వచ్చినవాడు, ఫోటోలో పడాలని వచ్చినవాడు, ఆ ఇంటి కష్టం చూసి ఉండబట్టలేక వచ్చినవాడు, అందరూ ఒకే వరుసలో ఉంటారు. ఎవరి నియ్యత్ ఏమిటో మనమెలా తెలుసుకోవాలి?

సహీహ్ బుఖారీ మొదలయ్యేదే నియ్యత్ గురించిన హదీసుతో. మనకు ఇది పాత ప్రశ్నే. మనస్తత్వ శాస్త్రవేత్తలూ దీన్ని పట్టుకున్నారు. 2002లో అమెరికాలో గుస్తావో కార్లో, బ్రాండీ రాండల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల కోసం 23 వాక్యాల ప్రశ్నావళి ప్రకటించారు. ప్రతి వాక్యం తనకు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థే 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. నలుగురిలో చేసే సాయం, పేరు తెలియకుండా చేసేది, ఆపదలో చేసేది, ఎదుటివారి కన్నీళ్ళకు కరిగి చేసేది, అడిగితే చేసేది, ఏమీ ఆశించకుండా చేసేది అని ఆరు రకాలు. నలుగురిలో చేసే తత్వం ఎక్కువున్నవారిలో నిస్వార్థం తక్కువగా కనిపించిందట.

దీన్ని తెచ్చి ‘ఉత్తమ వాలంటీర్’ను ఎంపిక చేద్దామని కొందరు మిత్రులు అన్నారు. మేము ఒప్పుకోలేదు. బడిపిల్లల మధ్య ఇన్నేళ్ళుగా ఉన్నాం. పేరు రాసిన కాగితం మీద ‘పొగడ్త కోసం చేస్తాను’ అని ఏ పిల్లవాడూ రాయడు. బహుమతి పెడితే రియాను మనమే నేర్పినట్టవుతుంది. పేర్లు లేకుండా రాయిస్తే మాత్రం, మనం వాళ్ళకు ఏం అలవాటు చేస్తున్నామో కొంత తెలుస్తుంది.

అలాగని కనబడే సాయమంతా చెడ్డదని కాదు. 2021లో కరోనా రెండో దశలో, సొంతవాళ్ళే దగ్గరికి రావడానికి జంకిన శవాలకు తిరుపతి ముస్లిం యువకులు మతం చూడకుండా అంత్యక్రియలు చేశారు. పత్రికల్లో వచ్చింది. పత్రికల కోసమైతే ఆ పనికి ఎవరు వెళతారు? బఖరా సూరా 271వ ఆయత్ కూడా బహిరంగ దానాన్ని మంచిదనే అంటుంది. పేదలకు గుప్తంగా ఇవ్వడం ఇంకా మేలంటుంది.

మన ఫోటోల సంగతి వేరు. కిట్టు అందుకునే తల్లి ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆమె కొడుకు, మూట మోసిన మన కుర్రవాడు ఒకే తరగతిలో ఉంటారు. మరునాడు ఆ పిల్లవాడు బడికి ఎలా రావాలి?

అందుకే దాతలకు మా విన్నపం. ఈసారి ఇషా నమాజు తర్వాత, ఫోటోలు లేకుండా, కిట్లు ఇళ్ళకే చేర్చనివ్వండి. లెక్క అడగడం మీ హక్కు. రశీదులు, సంతకాల పుస్తకం మీ ముందుంచుతాం. ఆ రాత్రి సగం మంది కుర్రవాళ్ళే వస్తే ఎవరినీ ఎత్తిపొడవొద్దు. మిగతావారిని మర్నాడు మేమే ఇంటికెళ్ళి పిలుచుకొస్తాం.