మందు అనే పేరు గల విషం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉత్సవ వేళ గడచిన డెబ్బది ఐదేండ్లను తలచుకొనడం సంప్రదాయం. ఈ ప్రసంగం అదే కాలంలో ఈ కొండలకు, ఈ ఊరి ఇండ్లకు వచ్చి చేరిన మరొక దానిని గురించినది. అది పురుగుమందు. డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం కలదని స్విట్జర్లాండుకు చెందిన పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1953లో మన దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, ఇంటింటి గోడల మీద ఆ పొడి చల్లబడింది. దానివలన ఎందరో ప్రాణాలతో బయటపడినారు. ఆ మేలు మరువరానిది. కాని గోడలను దాటి ఆ జాతి రసాయనాలు పొలాలకు, తోటలకు పాకినవి. వాటి వయస్సు, ఈ పాఠశాల వయస్సు ఇంచుమించు ఒకటే.

తెలుగువారు వాటికి పెట్టుకొన్న పేరు మందు. జ్వరానికి వేసుకొనేదీ మందే, తోటకు కొట్టేదీ మందే. వైద్యుని మీద ఉన్న నమ్మకమంతా ఆ పేరు వెంట ఈ సీసాకు కూడ సంక్రమించింది. అందుచేతనే అది వంటింటి గూట్లో నూనె సీసా పక్కన నిలువగలుగుతున్నది. పురుగు నరాలను చచ్చుపడజేసే పదార్థానికి మనిషి నరాలు పరాయివి కావన్న సంగతి పేరు చాటున మరుగున పడిపోయింది.

బోడినాయకనూరుకు జీవనాధారం ఏలకులు. ఇక్కడి ఇండ్లలో ఏలక్కాయ అని పిలిచే ఆ చిన్న కాయ ఇడుక్కి కొండలలో పండి, ఈ ఊరి ఏలంపాటలలో ధర పలికి, దేశదేశాలకు పోతున్నది. తెల్లవారకముందే కూలివారితో నిండిన జీపులు బోడిమెట్టు మలుపులు ఎక్కుతవి, సాయంత్రానికి దిగుతవి. ఆ జీపులలో ప్రయాణం చేసే తల్లులూ తండ్రులూ ఎందరో ఈ పాఠశాల పిల్లలకు పెద్దలు. ఏలకి మొక్క స్వభావం తెలిసినవారికి మరొక సంగతి తెలుసు. దాని పూగుత్తులు పైకొమ్మలకు వేలాడవు. మొదలు దగ్గర పుట్టి నేల వెంబడి పాకుతవి. కోయవలసిన స్త్రీ వంగియో, కూర్చుండియో, ఆ మొదలులోనికి చేతులు పెట్టి కాయను ఏరవలెను. తామర పురుగుల కొరకు, కాండమును కాయను తొలిచే పురుగు కొరకు ఏడాదిలో పలుమార్లు కొట్టే మందు వచ్చి నిలిచేదీ ఆ మొదలులోనే.

విషం ఉన్నంత మాత్రాన హాని కలుగదు. అది మనిషికి సోకవలెను. ఎంత సోకినది, ఎంతకాలం సోకినది, ఏ దారిన సోకినది అన్న మూడు ప్రశ్నల మీద హాని ఆధారపడి ఉంటుంది. సోకే దారులు మూడు: చర్మం, శ్వాస, నోరు. జనులు నోటిని గురించి జాగ్రత్త పడుదురు. ముక్కుకు గుడ్డ కట్టుకొనేవారు కొందరు ఉన్నారు. చర్మాన్ని గురించి తలచేవారు అరుదు. తోటలలో పనిచేసేవారికి ఎక్కువ భాగం విషం సోకేది చర్మం ద్వారానే. తడిసిన చొక్కా, వీపు మీద కారుతున్న పంపు, ఉత్త చేతులతో కలిపిన ద్రావణం, మందు ఆరని ఆకుల మధ్య నడిచిన కాళ్ళు, ఇవి దానికి తెరచిన తలుపులు.

క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్ వంటివి ఆర్గానో ఫాస్ఫేట్ అనే తరగతికి చెందినవి. శరీరంలో ఒక నరం నుండి ఇంకొక నరానికి, నరం నుండి కండరానికి ఆజ్ఞను ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం మోసుకొనిపోతుంది. పని ముగియగానే దానిని విరిచివేయడానికి ఒక ఎంజైము కలదు. ఈ మందులు ఆ ఎంజైమును బంధించివేస్తవి. అప్పుడు ఆజ్ఞ ఆగదు. చెమట, చొంగ, కన్నీరు ధారకడుతవి. కంటిపాప సూదిమొన అంత అవుతుంది. వాంతులు, కండరాల అదురు కలిగి, చివరకు ఊపిరి నిలుస్తుంది. వెంటనే ఆసుపత్రికి చేర్చినచో అట్రోపిన్ ఇచ్చి కాపాడవచ్చును. కొద్దికొద్దిగా సోకినప్పుడు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, నీరసం మాత్రమే కనబడుతవి. వాటిని ఎండదెబ్బ అనో, కొండ ప్రయాణపు అలసట అనో అనుకొని మరునాడు మళ్ళీ జీపు ఎక్కేవారు ఉన్నారు.

ఇది పెద్దలతో ఆగే సంగతి కాదు. పనిచోటి విషం బట్టల వెంట ఇంటికి వస్తుందని సీసం, ఆస్బెస్టాస్ పరిశ్రమల అనుభవం లోకానికి నేర్పింది. పని నుండి వచ్చిన తల్లిని పరుగున వచ్చి కౌగిలించుకొనే బిడ్డ, అదే కొంగులో ముఖం దాచుకొంటాడు. బిడ్డ తన బరువును బట్టి చూచినచో పెద్దల కంటె ఎక్కువ గాలి పీలుస్తాడు, ఎక్కువ నీరు త్రాగుతాడు. వాని మెదడు ఇంకను అల్లుకొంటున్న దశలో ఉంటుంది.

కనుచూపు మేరలోని పళని కొండల మీద మరొక పాఠం ఉన్నది. కొడైకెనాల్‌లో 1980ల నుండి నడచిన ఉష్ణమాపకాల కర్మాగారం పాదరసం కలిసిన గాజుపెంకులను ఊరి పాతసామాను అంగడికి చేర్చిన సంగతి 2001 మార్చిలో బయటపడి, అది మూతబడింది. హిందూస్థాన్ యూనిలీవర్ సంస్థకును, 591 మంది పూర్వ కార్మికులకును మధ్య ఒప్పందం కుదిరినది 2016లో. అనగా పదిహేనేండ్లు పట్టినవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందుకే ఇంతకాలం పట్టినది.

పురుగుమందుల చరిత్ర కూడ ఇటువంటిదే. 1958లో కేరళలో ఓడలో పారాథయాన్ మందుతో కలిపి తెచ్చిన ఆహార పదార్థాలకు విషం అంటి వందమందికి పైగా మరణించినారు. 1968 నాటి కీటకనాశనుల చట్టానికి ఆ దుర్ఘటనయే మూలం. కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై 1970ల చివరి నుండి 2000 వరకు ఆకాశం నుండి ఎండోసల్ఫాన్ చల్లినారు. అహమదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు అచటి ఒక గ్రామంలో 117 మంది బడి బాలురను, మందు సోకని చోటి 90 మంది బాలురతో పోల్చి చూచినారు. ఆ గ్రామపు బాలురలో యౌవన లక్షణాలు ఆలస్యంగా కనబడినవని 2003లో ప్రకటించినారు. 2011 మే 13న సుప్రీం కోర్టు ఆ మందును దేశమంతట ఆపివేసింది. 2013 జూలై 16న బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించినారు. వంటనూనెలో ఉన్నది మోనోక్రోటోఫాస్. బడిలో వంట నడిపే ప్రతి ఊరికి ఆ దినం ఒక హెచ్చరిక.

ఏలకుల సంగతి కూడ న్యాయస్థానం వరకు పోయింది. 2023 జనవరిలో కేరళ హైకోర్టు శబరిమల అరవణ ప్రసాదం అమ్మకాన్ని ఆపింది. అందులో వాడిన ఏలకులలో పురుగుమందుల అవశేషాలు పరిమితిని మించి ఉన్నవని పరీక్షలో తేలడమే కారణం. 2024లో సుప్రీం కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. వాదం ఎవరిదైనను, ఒక సంగతి గమనింపదగినది. తినేవాడు ఒక కాయనో రెండు కాయలనో చప్పరిస్తాడు. వాని కొరకు అవశేషం ఎంత ఉండవచ్చునో పరిమితి కలదు, కొలిచే ప్రయోగశాల కలదు, తగువు తీర్చే న్యాయస్థానం కలదు. దినమంతా ఆ కాయలను కోసిన చేతిని, గిడ్డంగిలో దుమ్ము మధ్య కూర్చుండి వాటిని వేరు చేసిన స్త్రీ ఊపిరిని కొలిచేవారు ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది ఏలకుల మీద బ్రతుకుతున్న ఈ ఊరే.

మందు లేనిదే పంట రాదు, పంట లేనిదే కూలి లేదు అనేవారి మాటను తేలికగా కొట్టివేయరాదు. అయినను నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామాన్ని చూడవచ్చును. ప్రత్తి, మిరప పండించే ఆ తెలుగు రైతులు వేపగింజల కషాయం, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు పట్టుకొని, 2003-04 నాటికి పురుగుమందులను పూర్తిగా మానివేసినారు. ఏలకి తోట ప్రత్తి చేను కాదు, నిజమే. కాని ఎండిన ఆకుతొడుగులను తీసివేయడం, నీడను సరిచేయడం వంటి పనులతో తామర పురుగును తగ్గించవచ్చును. పూత వేళ మందు కొట్టినచో చచ్చేది తేనెటీగ. తేనెటీగ లేనిదే ఏలకి కాయ కట్టదు. కావున తక్కువ మందు కొట్టడం కూలివానికి మేలు, తోటకు మేలు, యజమానికి మేలు.

అంతవరకు చేయదగినవి కొన్ని కలవు. ప్రతి మందు సీసా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యమం, ఆకుపచ్చ అల్పం. ఆకుపచ్చ కనబడగానే ప్రమాదం లేదని తలచరాదు, అదియును విషమే. అక్షరం రాని తల్లికి ఈ నాలుగు రంగులు ఆమె బిడ్డ నేర్పవచ్చును. మందును తినుబండారాల డబ్బాలో పోయరాదు. మందు డబ్బాలో నీరు, నూనె, పప్పు నిలువ చేయరాదు. ఖాళీ డబ్బాను రంధ్రాలు చేసి పాడుచేయవలెను. పిల్లలచేత మందు కలిపించరాదు. పని నుండి వచ్చినవారు స్నానం చేసి బట్టలు మార్చుకొన్న తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను. ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతుకరాదు. ఎవరైనను సొమ్మసిల్లినచో, ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ సీసా చీటీని వెంట తీసుకొనిపోవలెను. ఏ మందో తెలిసినప్పుడే వైద్యుడు త్వరగా తగిన చికిత్స చేయగలడు.

చివరిగా పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఈ పాఠశాల బల్లల మీద కూర్చున్నవారిలో నేడు తోటల యజమానులు ఉన్నారు, ఏలకుల వర్తకులు ఉన్నారు, వైద్యులు ఉన్నారు. ఉత్సవానికి విరాళం ఇవ్వడం మెచ్చదగినదే. దానితోపాటు తోట యజమాని తన తోటలో మందు కొట్టే దినాన్ని ముందుగా చాటించి, అది ఆరువరకు కోతకు ఎవరినీ పంపకుండవలెను. చేతికి తొడుగు, కడుగుకొనడానికి నీరు, సబ్బు ఇవ్వవలెను. వర్తకుడు గిడ్డంగిలో కాయలు వేరు చేసే స్త్రీలకు గాలి వెలుతురు కల్పించవలెను. వైద్యుడు కొండ నుండి వచ్చిన రోగిని నిన్న ఏ పని చేసినావని ఒక ప్రశ్న అడుగవలెను. ఉపాధ్యాయులు రానున్న విద్యా సంవత్సరం నుండి ప్రతి తరగతికి సీసా చీటీ చదవడం ఒక పాఠంగా చెప్పవలెను. రేపు తెల్లవారుజామున జీపులు మరల బోడిమెట్టు ఎక్కుతవి. సాయంత్రం అవి దిగే వేళకు ఈ బడి పిల్లలు గుమ్మంలో నిలుచుండి, తల్లిని కౌగిలించుకొనే ముందు ఆమె చేతికి సబ్బు, నీళ్ళ చెంబు అందించగలిగినచో, డెబ్బది ఐదేండ్ల చదువుకు అంతకంటె మంచి ఫలితం ఉండదు.